అయిదో బెడ్ అవునంటోంది

ఐసీయూ బయట హాల్లో కుర్చీలన్నిటినీ ఒకే ఇనుప కడ్డీకి బిగించి ఉంచారు. ఆ చివర ఒకరు లేస్తే ఈ చివర కూర్చున్నవాళ్ళ నడుముకి తెలుస్తుంది. ఎవరైనా వెక్కివెక్కి ఏడిస్తే అదీ తెలుస్తుంది, కడ్డీ గుండా. మొదట్లో చిరాకుపడ్డాను. తర్వాత అలవాటైంది. హాలు ఖాళీగా ఉన్నప్పుడు కూడా వరస కదలడం మొదలయ్యాక... ఉండండి, అక్కడికి వస్తాను. వరసలో చెప్పాలి. వాదనైనా, కబురైనా వరస తప్పితే చెల్లదని నాకు నేర్పింది పిన్నే.

పిన్ని అంటే మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "చేసుకోలేదని ఎవరన్నారు? మీకు భోజనం పెట్టలేదంతే" అనేది. ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. పగలంతా తప్పులు వెతకడం ఉద్యోగం, సాయంత్రం ఇంటికొచ్చి అదే పని జీతం లేకుండా. ఎండగా ఉంది పిన్నీ అంటే "ఉహూఁ, ఉక్కగా ఉంది" అనాలి. సినిమా బాగుంది అంటే "ఉహూఁ, సీట్లు బాగున్నాయి" అనాలి. ఆ "ఉహూఁ"కి ముందు గొంతు సవరించుకోవడం ఒకటి. దవడన ఎప్పుడూ లవంగం. దేనికైనా మొదటి మాటకే అవునంటే ఆవిడ పిన్ని కాదని మా ఇంట్లో జోకు.

కాలేజీలో నా ప్రతి డిబేటూ ముందు మా వంటగదిలో జరిగేది. నేనొక పక్షం, పిన్ని రెండో పక్షం. మంచి ఊపులో ఉండగా పిన్ని బల్ల మీద అరచేత్తో ఒక్కటి చరిచేది. అంతే, పక్షాలు మారిపోవాలి. అప్పటిదాకా నేను ఏడ్చి సాధించిన పాయింట్లన్నీ తీసుకుని, వాటితోనే నన్ను ఓడించేది. బయట ఏ కాలేజీవాడూ నన్ను ఓడించలేకపోవడానికి కారణం అదే. ఇంట్లోనే రోజూ ఓడి వెళ్ళేదాన్ని మరి.

అలాంటి మనిషి ఒకరోజు ప్రెస్సులో పేజీ దిద్దుతూ దిద్దుతూ, పెన్ను పట్టుకునే పక్కకి ఒరిగిపోయింది. తలలో నాళం చిట్లిందన్నారు. అప్పట్నుంచి ఆవిడ పేరు అయిదో బెడ్. నా పేరూ అదే. "అయిదో బెడ్ వాళ్ళెవరండీ" అని స్పీకర్లో పిలిస్తే లేచి వెళ్ళాలి.

ఆ మధ్యాహ్నం పిలిచారు. నన్నూ, మావయ్యనీ. మావయ్య పిన్నికి అన్నయ్య, కళ్ళజోళ్ళ షాపు ఆయనది. మమ్మల్ని తీసుకెళ్ళిన గది చిన్నది. మూడు కుర్చీలు, మధ్యలో బల్ల, బల్ల మీద కొత్తగా విప్పిన టిష్యూ డబ్బా. ఆ డబ్బా చూడగానే నాకు విషయం అర్థమైంది.

డాక్టరమ్మ నెమ్మదిగా, దాపరికం లేకుండా చెప్పింది. గుండె కొట్టుకుంటోంది. ఊపిరి మాత్రం పూర్తిగా మెషీన్‌ది. ఆవిడ సొంతంగా ఒక్క ఊపిరి కూడా తీసుకోవడం లేదు. మెదడు కోలుకునే దారి కనపడటం లేదు. దగ్గరివాళ్ళు మీరిద్దరూ ఒప్పుకుంటే గొట్టం తీసేద్దాం, నొప్పి తెలియకుండా మందిస్తాం, పక్కనే కూర్చోండి.

మావయ్య కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, తల ఊపాడు.

నేను ఒప్పుకోనన్నాను.

మావయ్య అప్పుడు ఒక సంగతి బయటపెట్టాడు. ఒకసారి సరిగ్గా ఇదే విషయం మీద నాకు డిబేట్ పడింది. వంటగదిలో ఆయన టీ తాగుతూ ఉన్నాడు. "నన్నెవరైనా గొట్టాలకి తగిలించి ఉంచితే ఊరుకోను" అని పిన్ని అంది. తన చెవులతో విన్నానన్నాడు.

నిజమే, అంది. కానీ ఎప్పుడంది? బల్ల చరిచిన తర్వాత అంది. చరవక ముందు, ఆఖరి ఊపిరిదాకా నిలబెట్టాల్సిందే అని అంతే గట్టిగా అంది. పక్షం కోసం అన్న మాట కోరిక ఎలా అవుతుంది? రెండు మాటల్లో మీకు నచ్చిందాన్ని ఏరుకుని, ఇదే ఆవిడ మనసు అంటే నేనెలా ఒప్పుకుంటాను? ఇవన్నీ అడిగాను. డాక్టరమ్మ ఏదో పొరపాటు గదిలోకి వచ్చినట్టు చూస్తూ కూర్చుంది.

"ఆ మాట అన్నప్పుడు దాని మొహం చూశానే" అన్నాడు మావయ్య.

"మొహం సాక్ష్యం కాదు మావయ్యా."

ఆయన నన్ను చిన్నప్పట్నుంచీ మైకు అని పిలుస్తాడు. "మైకూ, నువ్వు గెలవాల్సింది మా మీద కాదే" అన్నాడు. నేను లేచి లోపలికి వెళ్ళిపోయాను.

లోపల కిటికీలుండవు. పగలూ రాత్రీ ఒకటే తెల్లటి వెలుతురు. స్పిరిట్ వాసన, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, వాటి కింద ఎక్కడో మనిషి వాసన. మెషీన్ ఊపిరిని తోస్తుంది, ఆగుతుంది, వదులుతుంది. పిన్ని ఛాతీ లేస్తుంది, పడుతుంది. ఎవరో లోపల్నుంచి తలుపు తీసి వేస్తున్నట్టు, ఒకే లెక్కన.

తెర మీద సంగతులు అక్కడి సిస్టరు నాకు ముందే చెప్పింది. మెషీన్ ఇచ్చిన ప్రతి ఊపిరికీ ఒక తెల్లటి అల. మనిషి తనంతట తాను పీల్చబోతే ఆ అల కింద చిన్న పసుపు గీత పడుతుంది. ఇన్నాళ్ళూ అన్నీ తెల్లవే.

నేను పిన్ని చెవి దగ్గరికి వంగాను.

"పిన్నీ, నేను ఒప్పుకోలేదు. సరిగ్గానే చేశాను కదూ?"

పసుపు గీత పడింది.

నా కళ్ళని నేను నమ్మలేదు. మళ్ళీ అడిగాను. మళ్ళీ పడింది. సిస్టర్ని పిలిచాను, సిస్టరు డాక్టరమ్మని పిలిచింది. ఆవిడ చూసి, గొట్టంలో చెమ్మ నీళ్ళై చేరితే ఒక్కోసారి మెషీన్ ఇలా పొరబడుతుందని చెప్పింది. గొట్టం విప్పి, ఉన్న కాసిని నీళ్ళు వంపేసి, మళ్ళీ బిగించింది. "ఇప్పుడు అడగండి" అంది, నా మనసు కష్టపెట్టకూడదన్నట్టు.

అడిగాను. పసుపు.

డాక్టరమ్మ కనుబొమలు దగ్గరకొచ్చాయి. ఊపిరి పీల్చినంత మాత్రాన వింటున్నట్టు కాదని, మెదడు కింది భాగం ఒకటి కాస్త పనిచేస్తే చాలని, ఆశ పెట్టుకోవద్దని చెప్పింది. కానీ నిర్ణయం వాయిదా వేద్దామంది. నేను గెలిచాను. చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు, కప్పు ఇచ్చేవాళ్ళు లేరు. గెలిచిన సంగతి చెప్పుకోవాల్సిన మనిషి నోట్లో గొట్టం ఉంది.

మావయ్య గొడుగు తీసుకుని, "గెలిచావు. మరి ఇప్పుడేం చేస్తావే?" అని మెల్లగా అడిగి, షాపు తలుపులు తీసే ఉన్నాయంటూ వెళ్ళాడు.

నన్ను ఆ పూట కాసేపు పక్కన కూర్చోనిచ్చారు. బయట వాన మొదలైందని పైకప్పు మీది చప్పుడు వల్ల తెలుస్తోంది. ఎన్నాళ్ళకో నాకు మాట్లాడబుద్ధేసింది. ఇంట్లో కుళాయి కారుతోందని, ప్రెస్సువాళ్ళు నీ కుర్చీలో ఒక కుర్రదాన్ని కూర్చోబెట్టారని, దానికి కామా ఎక్కడ పెట్టాలో తెలీదని చెప్పాను. ప్రతిదానికీ పసుపు. ఎంత ముచ్చటేసిందో.

"బయట వాన పిన్నీ."

పసుపు.

"చలేస్తోందా?"

పసుపు. దుప్పటి పైకి లాగాను.

"ఉక్కగా ఉందా మరి?"

పసుపు.

నా చెయ్యి దుప్పటి మీదే ఆగింది. నవ్వొచ్చింది కూడా, ఒక క్షణం. ఆ తర్వాత ఆ నవ్వు ఎక్కడికి పోయిందో తెలీదు.

ఇన్ని మాటలకి ఒక్కసారి కూడా కాదనలేదు. ప్రెస్సులో కొత్త పిల్ల గురించి చెప్పినా కాదనలేదు. నేను కామా తప్పు అంటే పిన్ని ఊరుకుంటుందా? నాకు కామా గురించి ఏం తెలుసని, ముందు నన్ను దులిపేది కాదూ?

"నువ్వు నా పిన్నివే కదా?"

పసుపు.

అడగకుండా ఉండాల్సింది. కానీ నాకు అడగకుండా ఉండటం ఎవరూ నేర్పలేదు.

"నువ్వు... మా పిన్నివి కాదు కదా?"

తెల్లటి అల. ఇంకొకటి. ఇంకొకటి...

పసుపు.

మంచం కమ్మీ మీద అరచేత్తో చరిచాను. ఇనుము మోగింది. పక్షాలు మారాలి. మారాలి కదా? "గొట్టం తీసేయమంటావా?" పసుపు. "ఉంచమంటావా?" పసుపు. ఏది అడిగితే అది. ఎలా అడిగితే అలా. ఆ గీతలో తొందర ఉంది. దొరికిన చోటు వదిలి పోమంటారేమోనని, ఇంటివాళ్ళు ఏమన్నా తల ఊపే కొత్త మనిషి తొందర.

నేను నోరు మూసుకున్నాను. పెదవులు గట్టిగా బిగించాను. లోపల మాత్రం, మనసులో మాత్రం, ఒక్క మాట అనుకున్నాను. ఎవరు నువ్వు?

పసుపు. పసుపు. పసుపు. అలలు విరిగిపోయి ఒకదాని మీద ఒకటి పడ్డాయి, తెర కింది అంచంతా పసుపైపోయింది, మెషీన్ కేకలు మొదలుపెట్టింది...

సిస్టరు పరుగెత్తుకొచ్చింది. ఏమైందని, దగ్గిందా అని నన్ను అడిగింది. నేనేమీ అనలేదని చెప్పాను. అది నిజం. నేను ఏమీ అనలేదు.

కాసేపు బయట కూర్చోమన్నారు.

హాల్లో ఎవరూ లేరు. వానకి దీపాలు ఒకసారి ఆరి, తగ్గిన వెలుగుతో మళ్ళీ వచ్చాయి. అద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి. తడిసిన గొడుగుల వాసన మాత్రం మిగిలింది, గొడుగులు లేవు. నేను వరస చివర్న కూర్చుని మోకాళ్ళు పట్టుకున్నాను. ఈ మాట ఎవరికి చెప్పాలి? డాక్టరమ్మకా? మధ్యాహ్నం ఊపిరి ఉందని పోట్లాడి, సాయంత్రానికి ఆ ఊపిరి మా మనిషిది కాదంటే ఏమంటుంది? ఒక్కతే మనిషి ఉండేది నాకు, ఎంత పిచ్చి మాటనైనా ఎదురు కూర్చుని వాదించడానికి.

కుర్చీల వరస కదిలింది.

ఆ చివర. ఎవరో కూర్చున్నట్టు. నెమ్మదిగా, నడుం నొప్పి ఉన్నవాళ్ళు కూర్చున్నట్టు.

నేను తల తిప్పలేదు. తిప్పకుండానే, కంటి కొసన, ఖాళీ కుర్చీ కనిపిస్తోంది. లవంగం వాసన వచ్చింది.

ఎవరో గొంతు సవరించుకున్నారు.

"పిన్నీ?"

"ఉహూఁ."

ఏడుపు వస్తే బాగుండును, రాలేదు. వాన చప్పుడు కంటే చిన్నగా అడిగాను.

"లోపల ఉన్నది... నువ్వు కాదా?"

"ఉహూఁ."

"గొట్టం తీసేయమంటావా?"

"ఉహూఁ."

"ఉంచమంటావా?"

ఈసారి ఆలస్యమైంది. వరస కొద్దిగా వణికింది. కుర్చీలో మనిషి వణికితే వణికినట్టు.

"ఉహూఁ."

చూడండి, నా పరిస్థితి ఇది. లోపల ఒకటుంది, ఏదడిగినా అవునంటుంది. బయట ఒకటుంది, ఏదడిగినా కాదంటుంది. రెంటిలో దేనికీ మనిషి కోరిక అని పేరు పెట్టలేను. జడ్జీలు లేని పోటీకి నేనెప్పుడూ వెళ్ళలేదు. ఇది పోటీ కాదని అప్పటికి తెలిసింది. ఇక్కడ తేల్చాల్సింది నేనొక్కదాన్నే, నాతో ఎవరూ లేరు.

తల తిప్పాను. ఖాళీ కుర్చీలు. వాసన పోయింది.

మావయ్యకి ఫోన్ చేశాను. గొడుగున్నా తడిసే వచ్చాడు. భుజం మీదున్న తువ్వాలు తీసి నా చేతిలో పెట్టాడు, తడిసింది తాను కాదు నేనన్నట్టు. నేనే అడిగాను.

"మొహం చూశానన్నావు. ఎలా ఉంది?"

"భయపడింది" అన్నాడు మావయ్య. "మీ పిన్ని భయపడటం నేను చూసింది ఆ ఒక్కసారేనే. నీ ముందు పడకూడదని ఆ వెంటనే మళ్ళీ బల్ల చరిచింది."

సరే తీసేద్దాం అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆయనకి వినపడింది.

మర్నాడు ఉదయం డాక్టరమ్మ మాతో మళ్ళీ అన్నీ మాట్లాడింది. ఎందుకు మనసు మార్చుకున్నారని అడిగితే, పిన్ని కోరిక అదేనని చెప్పాను. నిన్న ఏరుకోవద్దన్న మాటనే ఇవాళ ఏరుకున్నాను. మందిచ్చారు. గొట్టం తీశారు. కేకలు పెట్టకుండా మెషీన్ గొంతు ముందే నొక్కేశారు. తెర మీద తెల్లటి అలలు ఆగి, గీత సాపుగా పరుచుకుంది.

మావయ్య ఆవిడ పాదాల మీద చేతులు పెట్టి నిలబడ్డాడు. నేను తల దగ్గర ఉన్నాను. ఛాతీ కదల్లేదు. పెదవుల రంగు మారుతోంది. వెళ్ళిపో పిన్నీ అనుకున్నాను. ఇంటికెళ్ళు. ఇక్కడ వద్దు.

ఛాతీ లేచింది.

మొదట కొంచెం. తర్వాత నిండుగా. ఆకలిగా. మెషీన్ ఇచ్చినదాని కంటే పెద్ద ఊపిరి, సొంత ఊపిరి. మళ్ళీ ఇంకొకటి. సిస్టరు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరమ్మ చాలాసేపు స్టెతస్కోప్ పెట్టి విని, నా భుజం పట్టుకుని, మొదట్నుంచీ మీరు అన్నదే నిజమైంది అంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. మావయ్య ఏడుస్తూ నవ్వుతున్నాడు.

మూసిన తలుపు అవతల, హాల్లో, కుర్చీల వరస మొత్తం ఒక్కసారిగా ఊగిన చప్పుడైంది. ఎవరో చప్పున లేచి నిలబడ్డట్టు. ఎవరూ అటు చూడలేదు.

ఆ తర్వాత రోజులు గడిచాయి. ఊపిరి తప్ప ఇంకేం మారలేదు. కళ్ళు తెరవలేదు, పిలిస్తే పలకలేదు. ఇక్కడ చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్ళి చూసుకోండి అన్నారు. అందరూ నన్ను అదృష్టవంతురాలన్నారు. వేరే బెడ్ల వాళ్ళు వచ్చి నా చేతులు పట్టుకున్నారు, ఆ అదృష్టం తమకీ అంటుకుంటుందేమోనని. నేను తల ఊపాను. ఏదడిగినా అవునన్నాను. ఎవరితోనూ వాదించలేదు.

సాయంత్రం వ్యాను వచ్చింది. స్ట్రెచరు ఎక్కించారు. మావయ్య ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఎన్నాళ్ళ నిద్రో, కూర్చోగానే తల అద్దానికి ఆనించి కళ్ళు మూశాడు. వెనక నేనూ, ఊపిరి తీసుకుంటున్న ఆ మనిషీ. తలుపులు బయట్నుంచి మూసి, ఒకసారి లాగి చూసి వెళ్ళారు. వెనక అద్దాలకి తెల్లరంగు వేసి ఉంది, బయట ఏమీ కనపడదు.

అద్దం మీద ఎవరో తట్టారు.

రెండు వేళ్ళతో, మర్యాదగా. లోపల చోటుందా అని అడుగుతున్నట్టు.

నేను లేచాను. ఆలోచించలేదు, తలుపు లోపలి గడియ మీద చెయ్యి వేశాను. తీస్తే ఏమవుతుంది? నా మనిషి బయట ఉంటే? ఇన్నాళ్ళూ ఆ హాల్లో ఒక్కతే కూర్చుని ఉంటే?

నా మణికట్టు మీద చల్లటి వేళ్ళు పడ్డాయి.

స్ట్రెచరు మీద కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మొదటిసారి. నన్ను చూడటం లేదు. అద్దం వైపు చూస్తున్నాయి. ఆ చూపులో ఉన్నది భయమని పోల్చుకోవడానికి నాకెవరి సాక్ష్యమూ అక్కర్లేదు. వేళ్ళు బిగుసుకున్నాయి. నా చేతిని గడియ మీద నుంచి మెల్లగా, చాలా మెల్లగా, వెనక్కి లాగుతున్నాయి.

వ్యాను కదిలింది. గేటు దాటింది. పెద్ద రోడ్డెక్కి వేగం అందుకుంది. చెట్లూ దీపాలూ తెల్లరంగు మీద నీడలై వెనక్కి పరుగెడుతున్నాయి.

తట్టడం ఆగలేదు.